పాట కట్టినవాడి శ్రమ

ఊరూరా తిరిగి పాడే కవిగాయకుల అభిమానులు పాటను నోటుపుస్తకంలో రాసుకుంటారు, నలుగురికీ నేర్పుతారు. మా అల్లూరులో నేనెరిగిన అభిమానమూ ఇదే. అయితే పాట చేతులు మారేకొద్దీ కర్త పేరు జారిపోతోంది. 'ఊరు మనదిరా' పాడేవారిలో గూడ అంజయ్యను (1955–2016) ఎరిగినవారెందరు?

'ప్రజల పాటకు కర్తెందుకు?' అంటారు కొందరు. ఈ వాదన పొరపాటు. బాణీ, పలుకుబడి ప్రజలవే కావచ్చు. వాటిలోంచి ఏరి, కూర్చి, కొత్త చైతన్యాన్ని నింపినది కవి. ఉత్తరాంధ్ర మాండలికంలో వంగపండు ప్రసాదరావు (1943–2020) చేసిన పని అదే. శ్రమకు విలువ కోరే మనం పాట కట్టినవాడి శ్రమను విస్మరించవచ్చా?

అభిమానులు పాటతోపాటు కర్త పేరు, విన్న చోటు, తేదీ రాయాలి. విమర్శకులు ఆ నోటుపుస్తకాలను ఆధారాలుగా స్వీకరించాలి. ప్రజాసాహిత్య చరిత్రకు అవే తొలి పుటలు.