స్వభావమా, పరిసరమా? లినెహన్ సిద్ధాంతముపై ఒక విమర్శ

మార్షా లినెహన్ 1993లో ప్రచురించిన గ్రంథము బోర్డర్‌లైన్ వ్యక్తిత్వ రుగ్మతకు రెండు మూలములను చూపినది: పుట్టుకతో వచ్చిన తీవ్ర భావోద్వేగ స్వభావము, ఆ భావములను కొట్టిపారవేయు పరిసరము. ఒకదానినొకటి రెచ్చగొట్టుకొనునన్న ఆమె వాదన మాకు సమ్మతమే. అయితే ఆమె వర్ణించిన మూడు రకముల పరిసరములును కుటుంబములే: అల్లకల్లోలమైనది, లోపమును సహింపనిది, సాధారణమైనది. సాధారణ కుటుంబము కూడ ఆ వరుసలో నిలిచినచో ఏ తల్లి తప్పించుకొనును?

2021లో వెలువడిన స్వీడన్ అధ్యయనము సుమారు 18 లక్షలమంది వివరములను పరిశీలించి, మనుష్యుల మధ్య ఈ రుగ్మత విషయమైన వ్యత్యాసములో 46 శాతమును వంశపారంపర్యమునకు, మిగిలినదానిని తోబుట్టువులు పంచుకొనని అనుభవములకు ఆపాదించినది. (ఇది జనసమూహమునకు చెందిన లెక్క, ఒక రోగిలో మెదడు పాలు ఎంతయో చెప్పదు.) ఒకే ఇంట ఒక బిడ్డ మాత్రమే గాయపడవచ్చును గనుక ఇది లినెహన్‌ను పూర్తిగా ఖండింపదు, ఇల్లంతటిని దోషిగా నిలుపు పఠనమునకు మాత్రము ఆధారము లేకుండ చేయుచున్నది. కాపరి పరిచర్యలో కౌన్సెలింగ్ నేర్పు తరగతులలో ఈ రెంటిని కలిపియే చదివింపవలెనని మా అభిప్రాయము.