వారసుల రాజ్యంలో వాడ ఓటు

దళితులు బొమ్మ చూసి ఓటేస్తారు, బియ్యం చూసి ఓటేస్తారు, వంశపాలన నిలబడుతున్నది వాళ్ల అమాయకత్వం వల్లే. ప్రతి ఎన్నికల తర్వాతా పత్రికలూ మేధావులూ చెప్పే మాట ఇది. వ్యక్తిపూజ మీదా కుటుంబపాలన మీదా వస్తున్న విమర్శలో ఎక్కువ భాగం ఈ మాట చుట్టే తిరుగుతున్నది. ఈ విమర్శను మేం ఒప్పుకోం. అట్లాగని వ్యక్తిపూజను సమర్థించబోవడం లేదు. విమర్శ మొదలుకావలసిన చోట మొదలుకావడం లేదన్నదే మా అభ్యంతరం.

కులమంటేనే వారసత్వం. కరణం కొడుకు కరణం, మునసబు కొడుకు మునసబు అయిన ఊళ్లు మనవి. తెలంగాణలో పటేల్ పట్వారీలదీ ఇదే కథ. చచ్చిన గొడ్డును మోసినవాడి కొడుకు గొడ్డునే మోశాడు, వెట్టి చేసినవాడి కొడుకు వెట్టే చేశాడు. పుట్టుకే పనిని నిర్ణయించిన సమాజానికి, పుట్టుకే పదవిని నిర్ణయించడం వింతగా తోచదు. వంశపాలన ప్రజాస్వామ్యానికి బయటినుంచి అంటుకున్న జబ్బన్నట్టు రాసేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. సినిమా రంగంలో, పత్రికల యాజమాన్యాల్లో, కాంట్రాక్టుల్లో తరాలుగా నడుస్తున్న వారసత్వాన్ని వాళ్లు ప్రతిభ అంటారు. ఓటు దగ్గరికొచ్చేసరికి తప్పు వాడదవుతుంది.

మన రాష్ట్ర అనుభవమే చూద్దాం. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టారు. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చారు. 1984 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేశారు. దాన్ని మేం తక్కువ చెయ్యం. రెండు రూపాయలకు కిలో బియ్యాన్నీ తక్కువ చెయ్యం. ఇంట్లో నాలుగు గింజలుంటే కూలి రేటు దగ్గర ఒకరోజైనా ఆసామికి ఎదురు చెప్పొచ్చు. ఇది తెలిసే వాడ ఓటేసింది. అది భక్తి అనుకుంటే పొరపాటు, అందులో లెక్క ఉంది.

కానీ ఊరి పెత్తనంలో వారసత్వం పోవాలన్న ఆ పార్టీలోనే, 1995 ఆగస్టులో రాష్ట్ర పెత్తనం మామకూ అల్లుడికీ మధ్య ఆస్తి తగాదాలా తేలింది. భార్యదా, కొడుకులదా, అల్లుడిదా అన్న చర్చే రాష్ట్రమంతా నడిచింది. అప్పటి 294 మంది సభలో 39 ఎస్సీ రిజర్వుడు స్థానాలున్నాయి. ఆ స్థానాల ప్రజలకు ఈ తగాదాలో ఏం సంబంధమని అడిగినవాళ్లు లేరు. 2009 సెప్టెంబరులో వైఎస్ రాజశేఖరరెడ్డి మరణించాక, కొడుకునే ముఖ్యమంత్రిని చెయ్యాలని కాంగ్రెసు శాసనసభ్యుల్లో అత్యధికులు సంతకాలు పెట్టారు. తెలంగాణ వస్తే దళితుడే మొదటి ముఖ్యమంత్రి అన్న కేసీఆర్, 2014 జూన్ 2న తానే ప్రమాణం చేశారు. కొడుకూ మేనల్లుడూ మంత్రులయ్యారు, కూతురు పార్లమెంటుకు వెళ్లింది. 2025లో ఆ కూతుర్నే పార్టీనుంచి సస్పెండ్ చేశారు. పార్టీలు వేరైనా తంతు మారలేదు.

నాయకుడి మీది అభిమానం వాడను కాపాడిందా? 1985 మార్చిలో ఎన్టీఆర్ మళ్లీ గెలిచారు. అయిదు నెలలు తిరక్కుండానే జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. అది ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు ఉన్నది కాంగ్రెసు ప్రభుత్వం. కారంచేడు బాధితులు చీరాల వచ్చి శిబిరం పెట్టుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. వాడకు గుడ్డి భక్తి ఉందనేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

ఇప్పుడు పథకాల పేర్ల సంగతి. 2007లో రాజీవ్ పేరుతో మొదలైన ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు 2022లో వైఎస్సార్‌కు మారి, 2024లో ఎన్టీఆర్‌కు తిరిగొచ్చింది. డబ్బు ఖజానాది. ఆ ఖజానాలో అగ్గిపెట్టె కొన్న కూలిమనిషి పన్ను కూడా ఉంది. అయినా కార్డు మీద బొమ్మ ఒక కుటుంబానిది. మన డబ్బు మనకే దానమై వస్తుంది, మనం చేతులు కట్టుకుని తీసుకుంటాం. హక్కు అయితే అడగొచ్చు, కోర్టుకెక్కొచ్చు. అన్న ఇచ్చిన కానుకను ఎవడు నిలదీస్తాడు?

దీనికి ఎదురుగా సబ్‌ప్లాన్ చట్టాన్ని పెట్టి చూడండి. జనాభా నిష్పత్తిలో నిధులు ఇవ్వాలంటూ 2013లో వచ్చిన ఆ చట్టానికి ఏ నాయకుడి పేరూ లేదు. దళిత, ఆదివాసీ సంఘాలు ఏళ్లతరబడి కొట్లాడితే వచ్చింది. గడువు పదేళ్లు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరిలో ఆర్డినెన్సుతో మరో పదేళ్లు పొడిగించారు, తెలంగాణ 2017లోనే వేరే చట్టం చేసుకుంది. అందరికీ ఇచ్చే పథకాల డబ్బునే సబ్‌ప్లాన్ లెక్కలో చూపుతున్నారని దళిత సంఘాలు ఆరోపిస్తూనే ఉన్నాయి. బొమ్మ ఉన్న పథకం అమలుకు ఉన్నంత తొందర, బొమ్మ లేని ఈ చట్టం అమలుకు ఎందుకు లేదు?

శాసనసభలో అడగాల్సినవాళ్లున్నారు గదా అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 175లో 29, తెలంగాణలో 119లో 19 ఎస్సీ స్థానాలున్నాయి. 1932 పూనా ఒప్పందం నుంచీ ఆ స్థానాల్లో అందరూ ఓటేస్తారు. అక్కడ దళితేతర ఓట్లే ఎక్కువ. గెలవాలంటే ఊరి పెత్తందార్ల ఓట్లు కావాలి, ఖర్చు కావాలి, అన్నిటికంటే ముందు బీ ఫారం కావాలి. బీ ఫారం ఒక కుటుంబం చేతిలో ఉంటుంది. గెలిచాక విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోతుంది. వ్యక్తిపూజ వల్ల ఎక్కువ నోరు పోగొట్టుకున్నది రిజర్వుడు సభ్యుడే. దామోదరం సంజీవయ్య 1960 నుంచి 1962 దాకా ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా మరో దళితుడికి ఆ కుర్చీ దక్కలేదు.

మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. మాయావతి విగ్రహాలను వెక్కిరించిన పత్రికలు మిగతా కుటుంబాల విగ్రహాలను వెక్కిరించలేదు. అది కుల దురహంకారమే. 2012 ఎన్నికలప్పుడు ఆ విగ్రహాలకు ముసుగులు వెయ్యమని ఎన్నికల సంఘం ఆదేశించిన సంగతీ తెలిసిందే. అయినా కాన్షీరామ్ కట్టిన బహుజన పార్టీలో మాయావతి 2023 డిసెంబరులో మేనల్లుణ్ణి వారసుడిగా ప్రకటించడం, 2024లో తీసి మళ్లీ పెట్టడం, 2025లో బహిష్కరించి మళ్లీ చేర్చుకోవడం, వీటిలో కార్యకర్త పాత్ర ఎక్కడ? రామ్‌విలాస్ పాశ్వాన్ పోయిన మరుసటి ఏడాది, 2021లో, ఆయన పార్టీ తమ్ముడికీ కొడుక్కీ మధ్య రెండుగా చీలింది. అగ్రకుల పార్టీల్లో తప్పయింది మన పార్టీల్లో ఒప్పు కాదు.

అంబేడ్కర్ 1943లో రనడే జయంతి సభలో, గాంధీ జిన్నాల చుట్టూ పెరిగిన వీరపూజనూ దాన్ని పెంచుతున్న పత్రికలనూ విమర్శించారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో, మతంలో భక్తి మోక్షానికి దారి కావొచ్చుగానీ రాజకీయాల్లో అది పతనానికీ నియంతృత్వానికీ దారితీస్తుందని హెచ్చరించారు. ఆయనకు హైదరాబాదులో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల విగ్రహాలు లేచాయి. కట్టించినవి రెండూ కుటుంబాల చుట్టూ నడిచే పార్టీల ప్రభుత్వాలే. విగ్రహం మనకు కావాలి, అది మన ఆత్మగౌరవం. విగ్రహం కట్టినవాడికి ఓటు బాకీ పడ్డామని మాత్రం అనుకోనక్కర్లేదు.

కార్యకర్తలకూ విద్యార్థులకూ మేం చెప్పేది ఇదే. సబ్‌ప్లాన్ ఖర్చు మీ మండలంలో ఎంత, దేనికి అయిందో అడగండి, రాతలో తీసుకోండి. రిజర్వుడు శాసనసభ్యుణ్ణి వాడకు పిలిచి సభలో ఏం మాట్లాడాడో చెప్పమనండి. మన సంఘాల్లో అధ్యక్షుడు ఎన్నేళ్లుగా ఉన్నాడో లెక్కేయండి. రెండు విడతలు దాటితే దించండి, జమాఖర్చులు ఏటా చదివించండి. సంఘంలో ఈ పని చెయ్యలేనివాళ్లం రాష్ట్రంలో వారసత్వాన్ని ఎదిరిస్తామంటే ఎవరూ నమ్మరు.