బూటు ఎప్పుడు తూయాలి?

తొలకరి పడ్డాక జొన్నగిరి పొలాల్లో పరుగెత్తకూడదు. ఎవరూ వద్దనరు గానీ అనుమానం వస్తుంది. ఆ రోజుల్లో అక్కడ అందరూ నడుం వంచి, నేల మీంచి చూపు తీయకుండా, అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతుంటారు. వానకు మట్టి కొట్టుకుపోయి తేలిన రాళ్ళలో ఎక్కడైనా వజ్రం మెరుస్తుందేమోనని ఆశ. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కాదు, కర్ణాటక నుంచి కూడా వచ్చి చెట్ల కింద వండుకు తింటూ వెతుకుతారు. అలాంటి చోట ఒకడు లగెత్తుతున్నాడంటే వాడికి దొరికినట్టే లెక్క.

"ఏమప్పా, దొరికిందా?" అని గట్టు మీంచి ఒక పెద్దాయన కేకేశాడు.

"లేదు పెద్దాయనా, బూట్లు చూస్తుండా" అన్నాను. ఆయన నమ్మలేదు.

నిజంగానే బూట్లు చూస్తున్నాను. పాత జత ఒక్కోటి 310 గ్రాములు, కొత్తది 220. అంగట్లో చేతిలోకి తీసుకుంటే పావురాయిని పట్టుకున్నట్టుంది. తేలిక బూటు మీద నా మోజుకు శాస్త్రం అండ కూడా ఉంది. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు పరుగెత్తేవాళ్ళకు తెలియకుండా బూట్లలో సీసపు గుళ్ళు దాచి పరీక్షించారు. 2016లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం బూటుకు 100 గ్రాములు పెరిగితే ఒంటి శ్రమ దాదాపు ఒక శాతం పెరుగుతుంది. 3 కిలోమీటర్ల పరుగు కూడా ఒక శాతానికి కాస్త తక్కువగా మందగించింది. కానీ వాళ్ళు పరుగెత్తించింది యంత్రం పట్టా మీద, నున్నటి ట్రాక్ మీద. ఇక్కడ ట్రాక్ ఎక్కడిది?

ఇక్కడున్నది ఎర్రనేల, గరుసు, వజ్రమని ఊరించే పలుగురాళ్ళు. కొత్త బూటులో తగ్గిన 90 గ్రాములు ఎక్కడివో రెండో కిలోమీటరులో తెలిసింది. అవి అట్టలోంచి తీసినవి. ప్రతి రాయీ అరికాలికి తన పేరు చెప్పుకుంటోంది. అరికాలు భయపడితే అడుగు కుదించుకుంటుంది, చూసి చూసి పడుతుంది. కాలికి బరువు తగ్గిందన్న మాటేగాని పరుగూ తగ్గింది. మూడో కిలోమీటరులో సర్కారు తుమ్మ ముల్లు అట్ట దాటి లోపలికొచ్చింది.

గొర్రెలు కాసే ఆయన ఒకరు నా అవస్థ చూసి తన మెట్టు విప్పి తిప్పి చూపించాడు. మా వైపు చెప్పుల్ని మెట్లంటారు. లారీ టైరు కోసి కుట్టినది. నా రెండు బూట్లూ కలిపినా ఆ ఒక్క మెట్టుకు సరితూగవు. అడుగున విరిగిన ముళ్ళ మొదళ్ళు పొద్దుతిరుగుడు గింజల్లా బిగుసుకుని ఉన్నాయి. "ఒక్కటీ లోపలికి రాలేదు చూడు" అన్నాడు. టైరు చెప్పుల్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 1993లో కొలరాడోలోనే, లెడ్‌విల్ కొండల్లో జరిగే 100 మైళ్ళ పరుగును మెక్సికో నుంచి వచ్చిన విక్టోరియానో చూరో గెలిచాడు. ఆయన వయసు 55, కాళ్ళకు టైరు రబ్బరు చెప్పులు.

అయినా నేను మెట్లకు మారలేదు. దిగుడులో పాదం వాటిలో ముందుకు జారుతుంది, బొటనవేలు బయటికి పోయి రాయికి కొట్టుకుంటుంది. మూసిన బూటులోనూ ఈ తంటా ఉంది: ముందు చోటు చాలకపోతే గోళ్ళు నల్లబడతాయి. అందుకే బూట్లు సాయంత్రం కొనాలి, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వేసుకునే మేజోళ్ళతోనే. మడమ కదలకూడదు, వేళ్ళు కదలాలి. ఈ రెండూ కుదిరాకే గ్రాముల మాట.

ఎర్రగుడి కొండ ఎక్కేటప్పుడు మాత్రం తేలిక బూటే గొప్ప. పొడి గుండు మీద ఏ రబ్బరైనా పడుతుంది, కాలు తేలిగ్గా లేస్తుంది. అక్కడి అశోకుడి శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి, దుక్కిటెడ్లు చాలు చివర మళ్ళినట్టు సాగుతాయి. ఏటవాలులో నేను ఎక్కేదీ అలాగే.

అసలు పాఠం ఆదోని వైపు నల్లరేగడి నేర్పింది. వాన వెలిశాక వంద అడుగులు వేస్తే చాలు, బూటు బూటులా ఉండదు. తడిస్తే ఉబ్బి జిగురయ్యే మట్టి అది. అడుగున పళ్ళు లోతుగా, దగ్గర దగ్గరగా ఉంటే మట్టి వాటి మధ్య ఇరుక్కుని, దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. తిరిగొచ్చి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 220 గ్రాములది 640 చూపింది. కొట్టాయన కాటా తుడుచుకుంటూ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పటి నుంచి బూటును అంగట్లో తూయడం మానేశాను, పరుగయ్యాక తూస్తాను. ఇప్పుడు వేసుకునేవి 260 గ్రాములవి. పళ్ళు తక్కువ, ఎడం ఎడంగా ఉంటాయి కాబట్టి నాలుగు అడుగులకోసారి మట్టి దానంతటదే రాలిపోతుంది. ముందు పాదం కింద సన్నటి గట్టి పలక ఉంది. ముల్లు ఇంతవరకూ దాన్ని దాటలేదు.

మొన్న ఆ బూట్లతోనే మళ్ళీ జొన్నగిరి పోయాను. టీ బంకు దగ్గర కూర్చుని, పళ్ళ మధ్య ఇరుక్కున్న రాళ్ళను పుల్లతో తీస్తుంటే ఆ పెద్దాయనే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. రాలిన రాళ్ళలో ఒక తెల్లటిది ఏరి, పంచె కొంగుతో తుడిచి, ఎండకు పట్టి అటూ ఇటూ తిప్పాడు.

"పలుగురాయే" అని పారేసి, రెండో బూటు కోసం చెయ్యి చాచాడు.