వేడిని దాచే చిలుము

చీమకుర్తి గ్రానైట్ క్వారీలోనో సింగరేణి ఓపెన్‌కాస్టు గనిలోనో మే నెల మధ్యాహ్నం ప్రొక్లెయినర్ హీటెక్కిందని మీటరు చూపించిందనుకోండి. వేడి ఇంజన్‌లో ఉందా, వైరులో ఉందా? సెన్సర్ మార్చే ముందు ఇది తేల్చుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల మెకానిక్కులు ఈ తేల్చుకోవడాన్ని ఒక విద్యగా చేతి నుంచి చేతికి అందించుకుంటూ వచ్చారు. స్కానర్లు వచ్చాక ఆ విద్యకు పని లేదని కొందరు అంటారు. స్కానర్ చూపే అంకెను నమ్మవచ్చో లేదో చెప్పగలిగేది ఇప్పటికీ ఆ విద్యే.

పాత ఇంజన్లలో నీటి వేడిని మీటరుకు చెప్పే సెండరుకు ఒకే వైరు ఉండేది. ముల్లు ఎర్ర గీత దాటగానే మెకానిక్ ఆ వైరు ఊడదీసేవాడు. ముల్లు చల్లటి వైపు పడిపోవాలి. వైరు కొసను ఒక్క క్షణం ఇంజన్ బాడీకి తాకిస్తే వేడి వైపు పూర్తిగా లేవాలి. రెండూ జరిగితే మీటరూ వైరూ మంచివే, ఇక మిగిలింది సెండరు, లేదంటే నిజమైన వేడి. ఆ సెండరుకు ఎర్తు దాని మరల ద్వారానే అందేది. నీరు కారకూడదని టెఫ్లాన్ టేపు మందంగా చుట్టి బిగిస్తే ఎర్తు సరిగా తగలక ముల్లు ఉన్నదానికంటే తక్కువ చూపేది.

ఇప్పటి యంత్రాల్లో రెండు వైర్ల సెన్సర్లున్నాయి. లోపలి థర్మిస్టర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీఎం 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత నిలిచిందో చూసి ఉష్ణోగ్రత లెక్క కడుతుంది. వైరు తెగితే వోల్టేజి 5 దగ్గరే నిలబడిపోతుంది, ఎర్తుకు షార్టయితే సున్నాకు పడిపోతుంది. జె1939 పద్ధతి పాటించే బండ్లలో తెర మీద వచ్చే తప్పు కోడులో 110 అన్న సంఖ్య నీటి ఉష్ణోగ్రతది. దాని పక్కన 3 ఉంటే వోల్టేజి ఎక్కువని, 4 ఉంటే తక్కువని అర్థం. 0 ఉంటే మాత్రం సర్క్యూట్‌ను అనుమానించే ముందు వేడి నిజంగానే హద్దు దాటిందని నమ్మి, ఇంజన్ వైపు చూడాలి. అక్కడ సెన్సర్ మార్చి చేతులు దులుపుకోవడం యజమాని డబ్బుతో ఆడుకోవడమే.

110-4 వచ్చిందా? ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, సెన్సర్ కప్లర్ ఊడదీయండి. కోడు 3కు మారితే వైరింగు మంచిదే, షార్టు సెన్సర్ లోపలే ఉంది. మారకపోతే వైరు ఎక్కడో బ్రాకెట్‌కు రాసుకుని తోలు ఊడిందని వెతకాలి. 110-3 వస్తే కప్లర్‌లోని రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలపండి. 4కు మారితే వైరింగూ ఈసీఎమ్మూ పనిచేస్తున్నట్టే. పాత మెకానిక్ ఒంటి వైరుతో చేసిన పరీక్షే ఇది. లావుపాటి ప్రోబు మాత్రం పిన్నులోకి దూర్చకూడదు. సాగిన పిన్ను మళ్లీ బిగువుగా పట్టదు.

కోడు ఇచ్చే తప్పు దొరికిపోతుంది. అసలు ప్రమాదం కోడు ఇవ్వని తప్పుతోనే. వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2,500 ఓములు, 80 దగ్గర సుమారు 323, 100 దగ్గర సుమారు 186 చూపుతుంది. బండిని ప్రెషర్ నీళ్లతో కడిగినప్పుడు కప్లర్‌లోకి తడి చేరి, పిన్నుకు చిలుము పట్టి, దారిలో 137 ఓములు అదనంగా వచ్చాయనుకుందాం. ఇంజన్‌లో నీరు 100 డిగ్రీల మీద ఉంది. 186కు 137 కలిస్తే 323. తెర మీద 80! బజర్ మోగదు, కోడు రాదు, ఈసీఎం పవర్ తగ్గించదు. ఆపరేటర్ నిశ్చింతగా బకెట్ నింపుతూనే ఉంటాడు. హెడ్ గాస్కెట్ పోయేదాకా ఎవరికీ తెలియదు.

రాత్రంతా ఆగిన బండికి ఉదయాన్నే కీ ఆన్ చేసి నీరు, గాలి, హైడ్రాలిక్ ఆయిల్ ఉష్ణోగ్రతలు చూడటం మంచి అలవాటు. మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. చెడిపోతున్న సెన్సర్‌ను ఈ పరీక్ష చాలాసార్లు పట్టిస్తుంది. చిలుమును మాత్రం పట్టించలేదు. చల్లటి పూట 2,500కు 137 కలిసినా తేడా ఒక డిగ్రీ చిల్లరే. అందుకే వేడి మీద ఇంకో పరీక్ష ఉండాలి. బండిని అరగంట లోడు మీద నడిపి, థర్మోస్టాట్ హౌసింగు మీదికి టెంపరేచర్ గన్ పట్టి, తెర మీది అంకెతో పోల్చాలి. మెరిసే లోహం మీద గన్ తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ చోట నల్ల టేపు ముక్క అంటించాలి. పది, పదిహేను డిగ్రీల తేడా వస్తే కప్లర్ విప్పి పిన్నులు చూడాల్సిందే.

నీటి మట్టం కూడా ఈ లెక్కలో భాగమే. నీరు తగ్గి సెన్సర్ కొస గాలిలోకో ఆవిరిలోకో వస్తే, సెన్సర్ ఎంత మంచిదైనా నీటి వేడి చెప్పలేదు. మట్టం చూసేది ఇంజన్ చల్లారాకే. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. వేడి నిజమని తేలితే రేడియేటర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు వరసగా చూసుకుంటూ పోవాలి.

పవర్ తగ్గిపోతోందని కప్లర్‌లో సెన్సర్‌కు బదులు రెసిస్టర్ కట్టి పంపేవాళ్లున్నారు. తెర మీద ఎప్పుడూ ఒకే అంకె, యజమానికి సంతోషం. మెకానిక్ చేతులారా చిలుము పట్టించడమే అది, అంతకంటే ఘోరం కూడా. చిలుము పట్టిన సెన్సర్‌లో అంకె కాస్తయినా కదులుతుంది. ఇంజన్ వేడెక్కుతున్నా కదలకుండా ఉన్న అంకె ఎక్కడ కనిపించినా ముందు ఆ కప్లర్ విప్పి చూడాలి. బాగైన బండిలో అంకె నెమ్మదిగా ఎక్కి, థర్మోస్టాట్ తెరుచుకునే 80ల దగ్గర కాస్త ఊగి, లోడు పడ్డప్పుడు కొద్దిగా పెరిగి, తీసేస్తే దిగుతుంది. పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు ఆ కదలికను కళ్లారా చూడాలి.