మాటల్లేని మేళం

పెళ్ళి కార్డు అచ్చుకి వెళ్ళకముందే మేళానికి బయానా ముట్టాలి. వినగడప, గంపలగూడెం, తిరువూరు చుట్టుపక్కల మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే మంచి సన్నాయి, మంచి డోలు ఖాళీగా దొరకవు. వాళ్ళకి పోస్టర్లుండవు. ఒక పందిట్లో వాయిస్తుంటే అక్కడ కూర్చున్న మరో ఆడపిల్ల తండ్రి లేచొచ్చి ఫోన్ నంబరు అడుగుతాడు, అదే ప్రచారం. నెమలి వేణుగోపాలస్వామి కల్యాణంలోనో, ఏ ఊరి రాములవారి పెళ్ళిలోనో నలుగురి చెవిన పడితే ఆ ఏడాదికి ఢోకా లేదు.

నగరాల్లో ముగ్గురు కుర్రాళ్ళు గిటారు, బేస్, డ్రమ్స్ పట్టుకుని పాటగాడు లేకుండా జాజ్-ఫంక్ వాయిస్తే కొత్త సంగతిగా చెప్పుకుంటున్నాం. పాటగాడి అవసరం లేని జట్టు మన పందిళ్ళలో తరతరాలుగా ఉంది: సన్నాయి, డోలు, శ్రుతి. కలిగినవాళ్ళ పెళ్ళిలో రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు ఉంటాయి గాని, నా మటుకు నాకు ఒక్కొక్కటే ఉన్న మేళం ఇష్టం. తప్పు చేస్తే దాక్కునే చోటుండదు.

మనవాళ్ళు సన్నాయి అని పిలిచే నాదస్వరం పొడుగు రెండడుగుల పైచిలుకు. వేళ్ళాడించే రంధ్రాలు 7. కింద ఇంకో 5 ఉంటాయి, అవి వేళ్ళకి కాదు. వాటిలో కొన్నిటిని మైనంతో మూసి శ్రుతి సరిచేసుకుంటారు. ప్రాణమంతా పీకలో ఉంది. కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం రెల్లుతో చేసిన ఆ చిన్న పీకని వాయించే ముందు నోట్లో తడుపుకోవాలి. ఎండితే కీచుమంటుంది, మరీ నానితే నాదం చప్పబడుతుంది. అందుకే సన్నాయికి దారంతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి. స్వరానికీ స్వరానికీ మధ్య జాగాని వేలితో కొంత, పెదాల బిగువుతో, ఊపిరి ఒత్తిడితో ఇంకెంతో పట్టుకుంటారు. తోడి రాగంలో గాంధారం ఊగే ఆ ఊపు కీబోర్డు మీట నొక్కితే వచ్చేది కాదు.

ఈ విద్యలో మనవాళ్ళు ఎంతదూరం వెళ్ళారో చెప్పడానికి ఒక్క పేరు చాలు. ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర శుశ్రూష చేసి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి ఊళ్ళో ఓ తెలుగు ముస్లిం సన్నాయికి తమిళులు తలలూపారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి బిరుదిచ్చింది.

డోలుది ఇంకో కథ. పనస చెక్క తొలిచి చేసిన పీపాకి ఎడమవైపు పుల్లతో, కుడివైపు వేళ్ళతో వాయిస్తారు. ఆ వేళ్ళకి గుడ్డ చుట్టి, పిండి జిగురుతో రాయిలా గట్టిపరచిన తొడుగులుంటాయి. దెబ్బకి ఆ టంగుమనే పదును వాటివల్లే. వాద్యం మీద చెయ్యి పడకముందే నోటితో నేర్చుకోవాలి: తకిట మూడు, తకధిమి నాలుగు, తదిగిణతోం ఐదు. ముక్తాయింపు ఎలా పుడుతుందో చూడండి. ఆదితాళం రెండో సగంలో నాలుగు దెబ్బలు, దెబ్బకి నాలుగు చొప్పున 16 మాత్రలు. తదిగిణతోం మూడుసార్లు వేస్తే 15 మాత్రలే. మిగిలిన ఒక్క మాత్ర ఊరికే వదిలి అందుకుంటాడు. దాంతో మొదటి తదిగిణతోం దెబ్బ దాటగానే మొదలవుతుంది, రెండోది దెబ్బ మధ్యలో, మూడోది దెబ్బకి ఒక్క మాత్ర ముందు. తాళం తప్పిందేమోనని మనం కంగారుపడేలోపు సన్నాయీ డోలూ కలిసి సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, వచ్చి పడతాయి. పందిట్లో లెక్క తెలియని ముసలమ్మ కూడా అక్కడ తలూపుతుంది.

అమెరికాలో ఫంక్‌కి బాట వేసిన జేమ్స్ బ్రౌన్ తన జట్టుని పట్టుబట్టి అడిగిందీ మొదటి దెబ్బనే. మధ్యలో ఎన్ని వంకరలు పోయినా అందరూ అక్కడ కలవాలి. చార్లెస్ మింగస్‌తో వాయించిన జాజ్ సాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో ఈ సన్నాయిని పనిగట్టుకుని నేర్చుకుని 1970లలో తన రికార్డుల్లో వాయించాడు. ఇటునుంచి అటు వెళ్ళిందీ ఉంది. పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ తొమ్మిదేళ్ళకి మన గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో మాండొలిన్ కచేరీ చేశాడు. 1983కల్లా బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఉన్నాడు.

మళ్ళీ పందిట్లోకొద్దాం. పురోహితుడు చెయ్యి ఊపి ‘గట్టిమేళం’ అన్నాడంటే ఎంత చక్కని సంగతి మధ్యలో ఉన్నా అక్కడికక్కడ వదిలేసి హోరెత్తించాలి. తాళి కట్టేవేళ తుమ్మో, చెడుమాటో చెవిన పడకూడదని ఆ ఏర్పాటు. మేళగాళ్ళు అలవాటుపడ్డారు, నేనింకా పడలేదు. ఇప్పుడు సన్నాయి పక్కన కీబోర్డు, ప్యాడ్లు చేరుతున్నాయి. కుర్ర మేళాలు సినిమా పాటలు దంచుతున్నాయి, పిల్లలు సెల్‌ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. సినిమా పాటతో నాకు పేచీ లేదు, కల్యాణి రాగం ఎక్కడున్నా కల్యాణే. ప్యాడ్లు ప్రతి మాత్రనీ మోతతో నింపేస్తాయి, అదీ నా బాధ. డోలు వదిలే ఆ ఒక్క మాత్రకి చోటుండదు.

మూఢం, ఆషాఢం వస్తే బయానాలు ఉండవు. ఈ వృత్తిలో ఉన్న నాయీబ్రాహ్మణ కుటుంబాల్లో చాలామందికి పక్కన కటింగ్ షాపే ఆధారం. తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది గాని, అక్కడ నేర్చుకొచ్చిన కుర్రాడు వాయించాల్సింది మళ్ళీ మన పందిళ్ళలోనే. కాబట్టి బయానా ఇచ్చేటప్పుడే మాట్లాడుకోండి: తలంబ్రాలయ్యాక, భోజనాల వేళ ఓ అరగంట ప్యాడ్లు ఆపి, ఒక రాగం తీరిగ్గా ఊదమనండి, ఆ తర్వాత డోలుకి ఒంటరిగా ఓ పావుగంట ఇవ్వమనండి. ఆ కాసేపూ డీజే కుర్రాణ్ణి కూడా భోజనానికి కూర్చోబెట్టండి.