టీ గ్లాసు అడ్డం

వెల్ఫేర్ ఆఫీసర్‌గా చేరిన కొత్తలో నా గది టైమాఫీసుకు ఎదురుగా ఉండేది. 500 మందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీలో మాలాంటివాడు ఒకడుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. ఆరు నెలలైనా సొంత గోడు చెప్పుకోవడానికి ఒక్కరూ రాలేదు. అందరూ చల్లగా ఉన్నారు కాబోలనుకున్నాను.

ఓ రోజు క్యాంటీన్‌లో ఒక ఫిట్టర్ నా పక్కన చేరాడు. "మీ గదికి రావాలంటే షిఫ్టు దిగే జనం ముందు నుంచి నడవాలి సార్. సాయంత్రానికల్లా కాలనీ అంతా మా ఇంటి గొడవే" అన్నాడు. మర్నాడే నా బల్ల క్యాంటీన్ వెనక గదిలోకి మార్పించుకున్నాను. చేతిలో టీ గ్లాసుంటే ఎవడు ఎటు వెళ్లినా ఎవరికీ పట్టదు.

అక్కడే పని నేర్చుకున్నాను. సొసైటీ లోను కాగితం మీద కారణం ఎప్పుడూ 'ఇంటి ఖర్చులు' అనే ఉంటుంది. మూడు నెలల్లో రెండోసారి అదే కారణం కనిపిస్తే, జీతాల మర్నాడల్లా నాగా పడుతుంటే, మనమే మిషన్ దగ్గరికెళ్లి వానల గురించి మాట మొదలెట్టాలి.

ఇలా ఉద్యోగి సొంత గోడు వినే పనిని ఇప్పటి కంపెనీలు ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అంటున్నాయి. 1940లలో అమెరికాలో తాగుడుకు బానిసైన కార్మికులను పనిలోంచి తీసేయకుండా బాగుచేసుకుందామని మొదలైన ప్రయత్నం, పోనుపోను అప్పులకూ సంసారపు చిక్కులకూ దిగులుకూ విస్తరించింది. చాలాచోట్ల ఫోనెత్తేది బయటి సంస్థ కౌన్సెలరే. పద్ధతిగా నడిచేచోట ఎంతమంది మాట్లాడారన్న లెక్కే యాజమాన్యానికి చేరుతుంది, పేర్లు చేరవు.

హైటెక్ సిటీలో పనిచేసే మా తమ్ముడి కూతురు మొన్న అడిగింది: "పెదనాన్నా, మా కంపెనీ ఇచ్చిన కౌన్సెలర్ నంబరుకు చేస్తే హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుందా?" ఫిట్టర్ భయపడిందీ ఇందుకే. "మాట్లాడేదెవరు, ఏం రాసుకుంటారు, అది ఎవరు చూస్తారు, ముందు ఈ మూడూ అడుగమ్మా. జవాబు నసిగితే ఆ గది కూడా టైమాఫీసు ఎదురుగానే ఉందనుకో" అన్నాను. కంపెనీతో సంబంధం లేని టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416 కూడా ఇచ్చాను. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆ నంబరును ఫోన్‌లో 'గ్యాస్ బుకింగ్' అని దాచుకుంది. నేనేమీ అనలేదు. దాని టీ గ్లాసు అది.