ఆపేసిన సింథ్‌తో పాట కట్టేవాళ్లు

కమలాపురంలోనైనా, ప్రొద్దుటూరులోనైనా ఇంట్లోనే పెళ్లిపాటలకు, భజన పాటలకు ట్రాకులు కట్టేవాళ్లకు ఖరీదైన కీబోర్డు అందదు. కంప్యూటర్‌లో స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్ సింథే వాళ్ల వాద్యం. చిక్కల్లా, ఆ వాద్యాన్ని కంపెనీ ఒకరోజు అమ్మడం మానేయడమే. ‘ఆల్కెమీ’ అనే సింథ్‌ను చేసిన కామెల్ ఆడియోను 2015లో ఆపిల్ కొనేసి, ఆ సింథ్‌ను తన సంగీత సాఫ్ట్‌వేర్ లాజిక్‌లో కలిపేసుకుంది, విండోస్‌వాళ్లకు కొత్త కాపీ లేదు. 2019లో మ్యాక్ కాటలీనా వచ్చి వాటిలోని పాత సింథ్‌లతో సహా 32 బిట్ ప్రోగ్రాములన్నిటికీ తలుపు మూసింది.

అలా ఆగిపోయిన సింథ్‌ను అంతకుముందే కొన్నవాళ్ల దగ్గర కొనడంలోనే సగం నేర్పుంది. సీరియల్ నంబరు చేతికొస్తే చాలదు. లైసెన్సు కంపెనీ ఖాతాలో మన పేరు మీదికి మారాలి, ఇన్‌స్టాలర్ ఫైలు ఉండాలి, యాక్టివేషన్ సర్వర్ ఇంకా పలకాలి. మూడింట్లో ఒకటి లేకున్నా డబ్బు నీళ్లపాలే. దొంగ కాపీ సులువు కదా అంటారు; దాంతోపాటు వచ్చే వైరస్ సంగతి మాత్రం చెప్పరు.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. పాత విండోస్ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి, అప్‌డేట్ సోకకుండా కాపాడతారు. అలా ఆగిపోయిన నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ ‘ఎఫ్ఎం7’ సింథ్‌లోకి 1983 నాటి యమహా డీఎక్స్7 కీబోర్డు స్వరాలను ఎక్కించి, నాదస్వరానికి దగ్గరయ్యేదాకా స్వరాన్ని పుట్టించే ఆపరేటర్లనే భాగాలను సవరిస్తారు. కుదిరిన ప్రతి స్వరాన్నీ వేవ్ ఫైలుగా రికార్డు చేసి రెండు డిస్కుల్లో దాస్తారు. రేపు సింథ్ తెరుచుకోకపోయినా రికార్డు చేసిన ధ్వనిని వాయించే శాంప్లర్‌లో ఆ స్వరం పలుకుతుంది.